వరస మార్చడం ఇలాజ్ కాదు

“బూట్ అయిందా లేదా? అయితే వదిలేయ్ భాయ్, ఇంకేం కావాలి!”

ఎంబెడెడ్ లైన్‌లో నౌకరీ చేస్తున్న మన పిల్లల్ని అడగండి, ఈ మాట వారానికి ఎన్నిసార్లు వింటారో. మేనేజర్ సాబ్ ఇదే అంటాడు. ఫీజు కట్టించుకుని లినక్స్ డ్రైవర్లు నేర్పే ఉస్తాద్ ఇదే అంటాడు. పక్క సీటు దోస్తూ ఇదే అంటాడు. నేననేది ఒక్కటే: ఈ మాట సరాసర్ గలత్. కెర్నెల్‌లో వోల్టేజ్ రెగ్యులేటర్ల వరస దగ్గర ఇది ఎంత ధోకా చేస్తుందో ఈ రోజు ఖుల్లంఖుల్లా చెప్పుకుందాం. ఇంట్లో అబ్బాకీ అమ్మీకీ కూడా అర్థమయ్యేలా చెప్పే కోషిష్ చేస్తాను. పిల్లల ప్యాకేజీ ఎంతో తెలిసి, వాళ్లు చేసే పని ఏమిటో తెలియని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి కాబట్టి.

ముందు మసలా ఏమిటో చూద్దాం.

మీ చేతిలో ఫోన్ ఉంది. దాని బ్యాటరీ ఇచ్చేది సుమారు 3.7 వోల్టులు. లోపలి ప్రాసెసర్‌కి ఒక వోల్టు, అటూ ఇటూగా చాలు. మెమరీ కార్డుకి 3.3 కావాలి. ఇంకొన్ని చిప్పులకి 1.8 కావాలి. ఎవరి ఖురాక్ వాళ్లది. ఎక్కువైతే కాలిపోతుంది, తక్కువైతే లేవదు. ఎవరికి ఎంత కావాలో అంతే కొలిచి ఇచ్చేదే వోల్టేజ్ రెగ్యులేటర్. ఫోన్లలో, ట్యాబ్లెట్లలో ఇలాంటివి చాలా కలిపి ఒకే చిప్పులో పెడతారు. ఇంజినీర్లు దాన్ని పీఎంఐసీ అంటారు. రిపేర్ దుకాణంలో దాని పేరు పవర్ ఐసీ.

ఈ పంపకం చూసుకోవడానికి లినక్స్ కెర్నెల్‌లో 2008లో, 2.6.27 వెర్షన్‌లో, రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ అనే ఒక దఫ్తర్ తెరిచారు. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేదీ ఆ లినక్స్ కెర్నెలే. పవర్ ఐసీ డ్రైవర్ ఈ దఫ్తర్‌కి వచ్చి, నా దగ్గర ఫలానా ఫలానా రెగ్యులేటర్లు ఉన్నాయని పేర్లు రాయించుకోవాలి. దాన్నే రిజిస్ట్రేషన్ అంటారు. తర్వాత మెమరీ కార్డు డ్రైవర్ వచ్చి, నాకు రావలసిన 3.3 వోల్టులు ఎవరి దగ్గర ఉన్నాయని అడుగుతుంది. దఫ్తర్ చూసి చెబుతుంది. బస్, ఇంతే హిసాబ్.

మరి గొడవ ఎక్కడ? అడిగేవాడు ముందొచ్చి, ఇచ్చేవాడు ఇంకా రాకపోతే?

ఇది రోజూ జరిగేదే. పవర్ ఐసీ సాధారణంగా ఐటూసీ అనే సన్నని తీగల జత మీద వేలాడుతూ ఉంటుంది. ముందు ఆ ఐటూసీ డ్రైవర్ లేవాలి. అది లేవాలంటే దానికి క్లాక్ కావాలి, పిన్నులు కుదరాలి. ఆ తర్వాత పవర్ ఐసీ, ఆ తర్వాతే దానిలోని రెగ్యులేటర్ల రిజిస్ట్రేషన్. ఈలోగా మెమరీ కార్డు డ్రైవర్ వచ్చి తలుపు కొడుతుంది. ఆ కార్డు మీదే సిస్టమ్ మొత్తం ఉంటే, అది లేవకపోతే కెర్నెల్ అక్కడికక్కడే చేతులెత్తేస్తుంది.

దీనికి సాఫ్ జవాబ్ 2012లోనే, 3.4 వెర్షన్‌తోనే వచ్చింది. దఫ్తర్ ఒక నంబర్ తిరిగిస్తుంది: 517. దాని మతలబ్, “మీకు కావలసినవాడు ఇంకా రాలేదు, సబర్ చేయండి, మళ్లీ పిలుస్తాం” అని. డ్రైవర్ ఆ 517ని అలాగే పైకి తిరిగి ఇచ్చేస్తే చాలు. కెర్నెల్ దాన్ని ఒక ఫెహరిస్త్‌లో రాసుకుంటుంది. వేరే ఏ డివైస్ లేచినా, ఆ ఫెహరిస్త్‌లో ఉన్నవాళ్లని మళ్లీ పిలుస్తుంది. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు అన్న ఫికర్ ఎవరికీ అక్కర్లేదు. ఇంత ఆసాన్‌గా ఇంతజామ్ చేసి పెట్టారు.

మరి మనవాళ్లు చేస్తున్నది ఏమిటి? ఆ 517ని మింగేస్తున్నారు.

నిజమే చెబుతున్నాను. ఎంతో డ్రైవర్ కోడ్ ఇలాగే ఉంటుంది: రెగ్యులేటర్ అడుగు, ఏ ఎర్రర్ వచ్చినా సరే, రెగ్యులేటర్ లేదనుకుని ముందుకు పో. “లేనే లేదు” అన్న జవాబుకీ, “ఉంది, వస్తోంది, ఆగు” అన్న జవాబుకీ ఫరక్ చూడరు. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఆ రోజు కిస్మత్ బాగుండి పవర్ ఐసీ ముందొస్తే అంతా పనిచేస్తుంది. వెనకొస్తే కార్డు కరెంటు లేకుండా లేవబోయి పడిపోతుంది. ఇదే బోర్డు, ఇదే కోడ్. ఒక రోజు నడుస్తుంది, ఒక రోజు నడవదు. “హార్డ్‌వేర్‌లో గడబడ ఉంది సార్” అని రిపోర్ట్ రాసేస్తారు.

ఇక ఇలాజ్ పేరుతో జరిగే జుగాడ్ చూడండి. నాలుగు రకాలు.

మొదటిది, పవర్ ఐసీ డ్రైవర్‌ని లైన్‌లో ముందుకి తోసేయడం. కెర్నెల్ లేచేటప్పుడు డ్రైవర్లని కొన్ని మెట్ల మీద పిలుస్తుంది. మామూలు డ్రైవర్లకి ఆరో మెట్టు. సబ్‌సిస్ ఇనిట్‌కాల్ అని రాస్తే నాలుగో మెట్టు మీదే పిలుపు వస్తుంది. ఒక్క పదం మార్చితే చాలు, బోర్డు లేస్తుంది, సాబ్ ఖుష్.

కానీ అదే డ్రైవర్‌ని విడి మాడ్యూల్‌గా కట్టి చూడండి. కెర్నెల్ హెడర్లలోనే రాసి ఉంది: మాడ్యూల్‌గా కట్టినప్పుడు ఆ సబ్‌సిస్ ఇనిట్‌కాల్ మామూలు మాడ్యూల్ ఇనిట్‌గా మారిపోతుంది. నాలుగో మెట్టూ లేదు, ఆరో మెట్టూ లేదు. మాడ్యూల్ ఎప్పుడు లోడ్ అయితే అప్పుడే. ఆండ్రాయిడ్ 12తో, 5.10 కెర్నెల్‌తో బజారులోకి వచ్చే ఫోన్ల నుంచి గూగుల్ కట్టిన ఒకే ఉమ్మడి కెర్నెల్ పెట్టాలి, చిప్ కంపెనీల డ్రైవర్లు మాడ్యూళ్లుగా విడిగా రావాలి అన్నది నియమం. అంటే మీరు గర్వంగా చూపించిన ఆ ఒక్క పదం ఇలాజ్ అక్కడ గాలిలో కలిసిపోయింది. ఆ సంగతి ట్రైనింగ్ సెంటర్ ఉస్తాద్ చెప్పాడా?

రెండోది, మేక్‌ఫైల్‌లో వరస మార్చడం. ఒకే మెట్టు మీద ఉన్న డ్రైవర్లని కెర్నెల్ లింక్ అయిన వరసలో పిలుస్తుంది కాబట్టి, ఫైలు పేరు ఒక లైన్ పైకి జరిపితే పని అయిపోయిందనుకుంటారు. రేపు ఇంకెవరో వచ్చి ఆ ఫైలుని అక్షరాల తర్తీబ్‌లో సర్దితే? మీ బోర్డు చచ్చిపోతుంది, ఎందుకు చచ్చిందో సర్దినవాడికి ఖబర్ కూడా ఉండదు. పైగా వరస మీద భరోసా పెట్టుకునే కాలం కాదిది. ఒకరి కోసం ఒకరు ఆగకుండా, ఒకేసారి పక్కపక్కన ప్రోబ్ అవ్వమని 2020లో ఎన్నో ఎంఎంసీ డ్రైవర్లకి, 2023లో ఎన్నో రెగ్యులేటర్ డ్రైవర్లకి కెర్నెల్‌లో గుర్తు పెట్టారు. బూట్ త్వరగా అవ్వాలని చేసిన పని అది. అలాంటి చోట వరస అన్న మాటకే మానీ లేదు.

మూడోది, అన్నిటికంటే సిగ్గుచేటైనది: ఆగు అని కోడ్‌లో 500 మిల్లీ సెకన్ల నిద్ర పెట్టడం. ఎవరి కోసం ఆగుతున్నావు బేటా? ఎంతసేపు ఆగితే సరిపోతుందని ఎవరు చెప్పారు? ఈ బోర్డు మీద 500 సరిపోయింది. చలికాలంలో, వేరే బ్యాచ్ చిప్‌తో, బ్యాటరీ తక్కువున్నప్పుడు సరిపోతుందన్న జమానత్ ఏది?

నాలుగోది, ఆ రెగ్యులేటర్‌కి ఎప్పుడూ ఆన్ అని ముద్ర కొట్టేయడం. అప్పుడిక వరస గొడవే ఉండదు. నిజమే, ప్రాసెసర్‌కీ మెమరీకీ వెళ్లే లైన్లకి ఆ ముద్ర ఉండాల్సిందే. కానీ కార్డు లైన్‌కీ, కెమెరా లైన్‌కీ కూడా కొట్టేస్తే? ఫోన్ జేబులో నిద్రపోతున్నా ఆ లైన్ మేలుకునే ఉంటుంది. కరెంటు ఊరికే కారుతుంది. కొన్నవాడు “బ్యాటరీ రావట్లేదు” అంటాడు. ఎవరి నిద్ర కోసం ఎవరి బ్యాటరీ కరిగింది?

ఇప్పుడు అసలు రాజ్ చెబుతాను. ఈ బగ్గుల్లో చాలావాటిలో మసలా వరస కానే కాదు. రిష్తా రాయకపోవడం.

ఏ డివైస్‌కి ఏ రెగ్యులేటర్ నుంచి వోల్టేజ్ వస్తుందో డివైస్ ట్రీ అనే ఫైలులో రాయాలి. సప్లై అని ఒక్క లైన్. ఆ లైన్ ఉంటే, రెగ్యులేటర్ ఇంకా రాకపోయినా కెర్నెల్ 517 అంటుంది, ఆగమంటుంది. ఆ లైన్ రాయకపోతే కెర్నెల్‌కి ఆ రిష్తా ఉన్నట్టే తెలియదు. ఈ డివైస్ ఏదో ఎప్పుడూ కరెంటు ఉండే లైన్ మీద ఉందేమో అనుకుని, ఒక ఉత్తుత్తి రెగ్యులేటర్ చేతిలో పెడుతుంది. డమ్మీ రెగ్యులేటర్ అని దాని పేరు. దాన్ని ఆన్ చేయమంటే “చేశాను” అంటుంది. ఏమీ చేయదు. ఈ సంగతి బూట్ లాగ్‌లో ఒక లైన్ రాసి మరీ చెబుతుంది. చదివేవాళ్లు ఉండాలి కదా!

దీని నతీజా ఏమిటో చూడండి. బూట్‌లోడర్ అప్పటికే ఆ లైన్ ఆన్ చేసి పెట్టింది కాబట్టి డివైస్ లేస్తుంది, పనిచేస్తుంది. సాబ్ ఖుష్. కానీ బూట్ చివరి మెట్టు దాటిన 30 సెకన్లకి కెర్నెల్ ఒకసారి తనిఖీకి వస్తుంది. ఏ రెగ్యులేటర్‌ని ఎవరూ వాడుకోవడం లేదో చూసి, వాటిని ఆపేస్తుంది. మన రెగ్యులేటర్‌ని వాడుకుంటున్నట్టు ఏ కాగితంలోనూ లేదు. లాగ్‌లో దాని పేరు రాసి, ఆపుతున్నానని చెప్పి, ఆపేస్తుంది. అరనిమిషం వెలిగిన స్క్రీన్ ఆరిపోతుంది, దొరికిన వైఫై మాయమవుతుంది. ఇక చూడండి తమాషా: కేబుల్ మారుస్తారు, ప్యానెల్ మారుస్తారు, పవర్ ఐసీ మీద హీట్ గన్ పెడతారు. లేనిది ఒక్క లైన్.

2021 నుంచి, 5.13 వెర్షన్ నుంచి, కెర్నెల్ డివైస్ ట్రీలో రాసిన ఈ రిష్తాలని తానే చదువుకుని, ఇచ్చేవాడు లేచేదాకా అడిగేవాడి ప్రోబ్‌ని పిలవకుండా ఆపుతోంది. ఎంత సహూలత్! కానీ రాసి ఉంటేనే. రాయని రిష్తాని ఏ కెర్నెలూ చదవలేదు.

ఇక్కడ ఎదురు వాదన చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటా ఇన్సాఫ్‌గా విందాం.

“జనాబ్, అసలు లినక్స్‌లోనే ఎన్నో రెగ్యులేటర్ డ్రైవర్లు సబ్‌సిస్ ఇనిట్‌కాల్ వాడుతున్నాయి, మాదేం గల్తీ?” అంటారు. నిజమే, వాడుతున్నాయి. వాటిలో చాలా 517 పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటు. ముందొస్తే వెయిటింగ్ తగ్గుతుంది, అంతవరకు ఫాయిదా ఉంది. త్వరగా రావడం కోసం వరస మార్చడం ఒకటి, వరస మారకపోతే లేవనే లేవని కోడ్ రాయడం ఇంకొకటి. మొదటిది సౌకర్యం, రెండోది కంజోరీ.

“517తో బూట్ ఆలస్యమవుతుంది” అంటారు. ఇదీ కొంత నిజం. ఆగినవాళ్లని మళ్లీ పిలవడం ఇనిట్‌కాల్ చివరి మెట్టు దగ్గరే మొదలవుతుంది. అయితే ముందు సరైన కోడ్ రాసి, తర్వాత టైము కొలిచి, తర్వాత తగ్గించండి. తప్పుగా త్వరగా లేవడం కన్నా సరిగ్గా అర సెకను ఆలస్యంగా లేవడం మేలు కాదా?

“కస్టమర్ రేపు వస్తున్నాడు, ఇదంతా చేసే టైము ఎక్కడ?” అంటారు. ఇదే అసలు బహానా. సరే, టైము లెక్కే చూద్దాం. లాగ్‌లో డమ్మీ అన్న పదం వెతకడానికి ఒక నిమిషం. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో డివైసెస్ డిఫర్డ్ అనే ఫైలు తెరిస్తే ఇంకా ఎవరెవరు ఇంతజార్‌లో ఉన్నారో పేర్లతో సహా ఉంటుంది. డ్రైవర్‌లో డెవ్ ఎర్ ప్రోబ్ అనే ఫంక్షన్ వాడి ఉంటే వజహ్ కూడా పక్కనే రాసి ఉంటుంది. అక్కడే రెగ్యులేటర్ సమ్మరీ అనే ఫైలు చూస్తే ఏ రెగ్యులేటర్‌ని ఎవరు వాడుకుంటున్నారు, ఎంతమంది, ఎన్ని వోల్టులు, అంతా ఖాతా పుస్తకంలా కనిపిస్తుంది. కార్డు పేరు అక్కడ లేదంటే రిష్తా రాయలేదన్నమాట. ఎవరు ఎప్పుడు లేచారో తెలియాలంటే బూట్ లైన్‌లో ఇనిట్‌కాల్ డీబగ్ అని ఒక్క ముక్క చేరిస్తే మొత్తం వరస ముందుకొస్తుంది. ఛాయ్ చల్లారేలోపు అయ్యే పని ఇది. టైము లేక కాదు, అడిగేవాడు లేక చేయడం లేదు.

చివరికి ఒక ఇమ్తిహాన్ పెట్టండి. కార్డు మీద కాకుండా ర్యామ్‌లోని చిన్న సిస్టమ్‌తో బోర్డు లేపండి. పవర్ ఐసీ డ్రైవర్‌ని మాడ్యూల్‌గా కట్టి, కావాలనే అందరికంటే ఆఖరున, చేత్తో లోడ్ చేయండి. అప్పటిదాకా కార్డు ఖామోష్‌గా ఆగి, పవర్ ఐసీ రాగానే తనంతట తాను లేస్తే మీ కోడ్ పాస్. లేవకపోతే మీరు ఇన్నాళ్లూ నడిపింది కోడ్ కాదు, కిస్మత్.

ఇదంతా మనకెందుకు అని అబ్బాలు అడగొచ్చు. ఎందుకంటే, దీని బిల్లు చివరికి మన గల్లీలోనే కడతారు.

ఖరీదైన ఫోన్ కొన్నవాడికి సర్వీస్ సెంటర్ ఉంది. కిస్తీల మీద చవక ట్యాబ్లెట్ కొని బిడ్డకి ఆన్‌లైన్ క్లాసుకి ఇచ్చిన తల్లికి ఏముంది? ఒక అప్‌డేట్ వచ్చింది, లోపల ఎక్కడో వరస మారింది, స్క్రీన్ ఆరిపోయింది. గల్లీ చివర రిపేర్ దుకాణానికి పట్టుకెళ్తుంది. హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీష్ మార్కెట్ మొదలుకుని మన ఊళ్ల బస్టాండ్ల దాకా ఈ పని మీద బతికే మన కుర్రాళ్లు ఎంతమందో! అతని చేతిలో మల్టీమీటర్ ఉంది. మీటర్ పెట్టి చూస్తే లైన్‌లో వోల్టేజ్ సున్నా. పవర్ ఐసీ పోయిందంటాడు. అతని తప్పేమీ లేదు, మీటర్ చెప్పిందే అతను చెప్పాడు. కెర్నెల్ ఆ లైన్‌ని హుకుం ఇచ్చి మరీ ఆపేసిందని మీటర్‌కి తెలియదు. ఐసీ మారుస్తాడు, అయినా వెలగదు. ఆ తల్లి డబ్బూ పోయింది, అతని మెహనతూ పోయింది. ఎక్కడో ఏసీ గదిలో “బూట్ అయింది కదా, వదిలేయ్” అన్న సాబ్‌కి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. నా గుస్సా దీని మీదే.

కాబట్టి ఉస్తాద్ సాబ్‌లకి ఒక మాట. ఫీజు తీసుకుంటున్నారు, హక్కుగా నేర్పండి. ఏ పదం మారిస్తే బోర్డు లేస్తుందో చెప్పడం సబఖ్ కాదు. అది ఎందుకు లేవలేదో చూపించడం సబఖ్. షాగిర్ద్‌కి మొదటి రోజే 517 చూపించండి, డమ్మీ లైన్ చూపించండి, సమ్మరీ ఫైలు చదివించండి. ఆ తర్వాత ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీ పట్టించుకోండి.

మన పిల్లలకి ఒక మాట. లినక్స్ కెర్నెల్ కోడ్ మొత్తం ఖుల్లాగా ఉంది. చదవడానికి ఫీజు లేదు, సిఫారిష్ అక్కర్లేదు. పాచ్ పంపితే అక్కడివాళ్లు మొదట అడిగేది ఒక్కటే: ఎందుకు? “ఇలా మారిస్తే పనిచేసింది” అన్న జవాబు అక్కడ చెల్లదు. ఏ డివైస్ ఏ రెగ్యులేటర్ కోసం ఆగాలి, ఇంతవరకు ఎందుకు ఆగలేదు, ఈ మార్పు దాన్ని ఎలా సరిచేసింది, మూడూ రాయాలి. అలా రాయడం నేర్చుకున్న బిడ్డకి నౌకరీ వెతుక్కోవడం అంత ముష్కిల్ కాదు.

ఇళ్లలో పెద్దలకి ఒక మాట. ఈద్‌కి బేటా ఇంటికొస్తే, బేటీ ఇంటికొస్తే, ప్యాకేజీ ఎంతని అడిగినట్టే ఇదీ అడగండి: “నువ్వు చేసిన పని ఎందుకు పనిచేస్తుందో నీకు తెలుసా, లేక పనిచేసిందని వదిలేశావా?” జవాబులో టెక్నికల్ మాటలు మీకు అర్థం కాకపోవచ్చు. కానీ బిడ్డ తడబడుతున్నాడా, తడబడకుండా చెబుతున్నాడా అన్నది తల్లిదండ్రులకి తెలియకుండా పోదు.